కలెక్టరు కదిలితేనే గంట

ఆయన పోయాడని నాకు దినకర్మలు కూడా అయిపోయాక తెలిసింది. టెక్కలి బస్టాండులో పలాస బస్సు కోసం నిలబడి ఉంటే, ఎప్పుడో నా దగ్గర చదువుకున్న ఒకడు వచ్చి నమస్కారం పెట్టాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మన గంట తాత పోయాడు కదండి. మీరు రాలేదేటి?" అన్నాడు. నాకెవరూ చెప్పలేదన్నాను. చెప్పడానికి ఎవరున్నారు, నేను ఆ బడి విడిచి ఎన్నో ఏళ్లయింది. అయినా మనసు చివుక్కుమంది. ఒక్కటే ధైర్యం. ఆలస్యంగా వచ్చినవాళ్లని ఒక్క మాట అనని మనిషి నాకు తెలిసినంతలో ఆయనొక్కడే.

పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. జీతాల రిజిస్టరులో అటెండరు, పిల్లలకి గంట తాత, నాకు మావ. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు నచ్చిన మనిషిని మావ అనడానికి చుట్టరికం అక్కర్లేదు.

ఊరు భావనపాడు. తాతల నాటి నుంచి వేటకెళ్లే ఇంట్లో పుట్టిన ఆయనకి సముద్రం పడేది కాదు. పడవెక్కితే చాలు, కడుపులో తిప్పేదట. "మా అయ్య నాలుగుసార్లు తీసుకెల్లినాడు మేస్టారు. నాలుగుసార్లూ వల సూసుకోడం మానీసి నన్ను సూసుకోవాల్సొచ్చింది. అయిదోపాలి 'నువ్వొడ్డునే ఉండిపోరా బాబూ, నీకు పున్నెముంటాది' అనీసినాడు" అని చెప్పి, ఎవరూ నవ్వకముందే తనే నవ్వేవాడు. అలా ఒడ్డున ఉండిపోయి, ఎవరి కాళ్లో పట్టుకుని టెక్కలిలో మా హైస్కూల్లో అటెండరయ్యాడు. గంట కొట్టడం, గేటు చూడడం, చాక్‌పీసులు అందించడం ఆయన పనులు. గేటు తాళంచెవి మొలతాడుకి ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా తీసేవాడు కాదని ప్రతీతి.

గంటంటే వరండా చివర దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. కొట్టడానికి ఒక ఇనప కడ్డీ. ఆ రెండింటితో ఆయన చేసే పని చూసి తీరాలి. ముందు పట్టాని అరచేత్తో ఒకసారి తడిమేవాడు. తర్వాత వినపడీ వినపడనట్టు ఒక చిన్న దెబ్బ. అప్పుడు అసలు గంట. ఆ మొదటి దెబ్బ ఎందుకని అడిగితే, "సెప్పకండా కొడితే ఉలిక్కిపడదా అండీ" అన్నాడు. పట్టాయా, పిల్లలా అన్నది చెప్పలేదు. మధ్యాహ్నం గంట మాత్రం గబగబా నాలుగు దెబ్బలతో అవగొట్టేసేవాడు. ఆకలి మీదున్నవాళ్ల ముందు సాగదీయడం పాపమట. గడియారం చొక్కా జేబులో పెట్టుకునేవాడు తప్ప చేతికి కట్టేవాడు కాదు. దెబ్బ దెబ్బకీ అదిరిపోయి టైము తప్పిపోతుందని ఆయన సిద్ధాంతం. అలా జేబులో పదిలంగా దాచుకున్న గడియారాన్ని ఆయన ఎప్పుడైనా చూసేవాడా అంటే, అదీ లేదు. రోడ్డు చూసేవాడు.

ఆ రోడ్డు సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. ఉద్దానం తీరం ఊళ్ల నుంచి మా బడికి ఓ పాతికమంది పిల్లలు వచ్చేవారు. వాళ్లకి ఉన్నది ఒక్కటే బస్సు. నౌపడ దగ్గర రైలు గేటు పడకపోతే తొమ్మిదీ ఇరవైకి మా వీధి మలుపు తిరుగుతుంది. గేటు పడితే, వెనకాలే ఇంకో గూడ్సు కూడా ఉంటే, తొమ్మిదిన్నర దాటుతుంది. మా రెండో గంట తొమ్మిదిన్నరకి. ఆయన ఏం చేసేవాడంటే, మలుపులో బస్సు కనపడేవరకు రెండో గంట కొట్టేవాడు కాదు. అంతే. బడి మొత్తానికి ఆయనే గడియారం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పైగా మేమందరం ఆ గంట వినే మా వాచీలు సరిచేసుకునేవాళ్లం. నేను సైన్సు మాస్టారిని, నేను కూడా.

కొత్త హెడ్మాస్టారు వచ్చి ఈ గుట్టు సగం రట్టు చేశారు. ఆయన సోషల్ చెప్పి పైకొచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. టైము విషయంలో మాత్రం నిప్పు. రేడియోలో వార్తలకి ముందు వచ్చే 'పిప్ పిప్' చప్పుళ్లతో వాచీ సరిచేసుకుని వచ్చి, మొదటి వారంలోనే మా బడి ఒకరోజు నాలుగు నిమిషాలు, ఒకరోజు ఏడు నిమిషాలు వెనకబడి నడుస్తోందని కనిపెట్టారు. "మనిషి చేతిలో ఉన్నంతకాలం ఇది ఇంతే. మీరు సైన్సు ఫెయిరుకి ఏవో చేయిస్తుంటారు కదా, కరెంటు బెల్లు దానంతటదే మోగేలా చెయ్యలేరా?" అని నన్నడిగారు.

నేను ఎగిరి గంతేశాను. అప్పటికి ఏడాదిగా మైక్రోకంట్రోలర్లనే బుల్లి కంప్యూటరు చిప్పుల పిచ్చిలో ఉన్నాను. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఒక చిప్పు, ఒక పుస్తకం కొనుక్కురావడం, ఇంట్లో బల్బు వెలిగించి ఆర్పడం, మా ఆవిడ చేత చీవాట్లు తినడం. ఇన్నాళ్లకి ఆ విద్యకి ఒక పని దొరికింది. సాయంత్రాలు బడి అయ్యాక ల్యాబులో కూర్చునేవాడిని. తాళాలు వెయ్యాలి కాబట్టి ఆయనా కూర్చునేవాడు. తన పని లాక్కునే పెట్టె తయారవుతుంటే, పక్కన స్టూలు మీద కూర్చుని దానికే టార్చిలైటు పట్టిన మనిషి ఆయన.

టంకం పెడుతుంటే లేచిన పొగని ముక్కుతో గట్టిగా పీల్చి, "ఇది గుగ్గిలమే కదండీ! మేం పడవల సందులకి ఎడతాం" అన్నాడు సంతోషంగా. నిజమే, టంకంలో ఉండేది ఆ జాతి జిగురే. నేను అప్పటిదాకా అలా ఆలోచించలేదు.

మొదటి చిప్పుని నేనే కాల్చేశాను. చిప్పు కాలిని తిన్నగా రిలేకి కలిపేశాను. రిలే అంటే ఒక తీగచుట్ట, దాని మీద ఒక చిన్న ఇనప రేకు. చుట్టలోకి కరెంటు వెళ్తే రేకు టక్కున అంటుకుని, అవతల ఇంటి కరెంటుని గంటకి అందిస్తుంది. ఆ చుట్ట అడిగే కరెంటు, పాపం ఆ చిప్పు ఇవ్వగలిగినదానికి ఎన్నో రెట్లు. పుస్తకంలో ఆ మాట రాసే ఉంది. నేను ఆ పేజీ తొందరగా తిప్పేశాను. "మధ్యలో ట్రాన్సిస్టర్ ఒకటి పెట్టాలి మావా, నా దగ్గర లేదు" అన్నాను. మర్నాడు ఆయన తువ్వాల్లో చుట్టి ఒక రేడియో పట్టుకొచ్చాడు. వాళ్ల ఊళ్లో ట్రాన్సిస్టర్ అంటే రేడియోయే మరి. వేటకెళ్లే ముందు వాతావరణం వినడానికి ఇంటికొకటి ఉండేది. "మా తమ్ముడిదండి. గాలివాన రోజులొచ్చీలోగా తిరిగి ఇచ్చీమన్నాడు" అన్నాడు. నేను పడీ పడీ నవ్వి, తర్వాత పలాసలో ఒక రేడియో మెకానిక్కు దగ్గర అసలు ట్రాన్సిస్టర్ సంపాదించుకొచ్చి చూపించాను. కందిగింజ కంటే కాస్త పెద్దది, మూడు కాళ్లు. ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని, "ఇంతోటి దానికా ఆ పేరు!" అన్నాడు.

ఆ సాయంత్రం జరిగిన పాఠం నేను ఎన్ని క్లాసుల్లో చెప్పానో లెక్కలేదు. నా మాటల్లో కాదు, ఆయన మాటల్లో.

"ఇన్ని లెక్కలొచ్చిన సిప్పు ఒక్క గంట కొట్టలేదేటండి?" అని మొదలుపెట్టాడు.

"దానికి బుర్ర ఉంది, బలం లేదు. అది ఈ మధ్య కాలికి చిన్న సైగ చేస్తుంది. ఈ కాలిని బేసు అంటారు. సైగ అందగానే ఈ పక్క కాలు నుంచి ఆ పక్క కాలికి పెద్ద కరెంటు వెళ్తుంది. అప్పుడు రిలే లాగుతుంది."

"ఆ పక్క కాళ్ల పేర్లేటండి?"

"ఇది ఎమిటరు. ఇది కలెక్టరు."

ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. "కలెక్టరా? మన కలెక్టరు సారేనా?"

"కాదు మావా. ఊరికే పేరు."

"మరీయన పనేటి?"

"కింద నుంచి సైగ అందేదాకా కదలడు. అందితే మాత్రం పని జరిగిపోతుంది."

"అలగైతే మన కలెక్టరేనండి," అన్నాడు ఆయన, ఏమాత్రం నవ్వకుండా.

రిలేకి అడ్డంగా ఒక డయోడు పెట్టాను. అదెందుకన్నాడు. రిలే ఆగిపోయేటప్పుడు ఊరుకోదు, వెనక్కి ఒక దెబ్బ కొడుతుంది, అది ట్రాన్సిస్టర్ మీద పడకుండా ఈ డయోడు కాచుకుంటుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఇలాంటోడొకడు మన టాపురూములో ఉండాలండి" అన్నాడు. ఆయన నోట స్టాఫు రూము ఎప్పుడూ టాపురూమే.

పెట్టె తయారైంది. హెడ్మాస్టారు కొబ్బరికాయ కొట్టారు. తొమ్మిదిన్నరకి కచ్చితంగా లోపల రిలే టక్కుమంది, బయట బెల్లు కర్రుమంది. రైలు పట్టాని ఎవరూ విప్పలేదు, అలాగే వేలాడుతూ ఉండిపోయింది. రెండో గంట మోగగానే గేటు మూసేయాలని, మూసాక వచ్చినవాళ్లకి ఆ పూట గైరుహాజరు వేయాలని కొత్త రూలు. మొదటి వారంలో రెండు రోజులు రైలు గేటు పడింది. రెండు రోజులూ తీరం పిల్లలు గేటు ఊచలు పట్టుకుని నిలబడి, ఎండ ముదిరాక మధ్యాహ్నం బస్సుకి వెనక్కి వెళ్లిపోయారు.

మూడో రోజు ఆయన నా దగ్గరకొచ్చాడు. చాక్‌పీసుల డబ్బా ఇస్తూ, వదలకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"మేస్టారు, పదో తరగతిలో మా ఊరి గుంట ఉందండి. బాగా సదువుతాది, మీకు తెలుసు. నిన్న బడి నుంచి తిరిగొచ్చిన గుంటని సూసి ఆళ్ల బాబు ఏటన్నాడో తెలుసా అండి? 'లోనకి రానీని బడికి ఛార్జీలెట్టి ఎల్లడమేటి, ఇంకోపాలి తిరిగొత్తే ఎండు సేపల కల్లంలోకి వచ్చీ' అన్నాడు. ఆడు అన్నాడంటే సేత్తాడండి. ఆడి పెద్దగుంటని అలగే మానిపించీసినాడు."

ఆ అమ్మాయి నాకు తెలుసు. ముందు బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద తప్పు రాస్తే నోరు తెరవకుండా కనుబొమ్మలు మాత్రం ఎగరేసేది.

"నన్నేం చెయ్యమంటావు మావా? హెడ్మాస్టారితో మాట్లాడమంటావా?"

"ఆయనకి సెప్తే రూలు సెప్తారు. మీరు ఆ బేసుగాడిని ఒక్క అయిదు నిమిషాలు సెవులు మూసుకోమని సెప్పలేరా అండి?"

నేను చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా ఆ బుర్రలోకి వెళ్లింది. బేసు కాలిని ఒక చిన్న స్విచ్చుతో నేలతీగకి కలిపేస్తే చాలు. చిప్పు ఎంత సైగ చేసినా అది పక్కదారి పట్టి నేలలోకి పోతుంది. ట్రాన్సిస్టర్‌కి ఏమీ వినపడదు, రిలే కదలదు, గంట మోగదు. చిప్పు మాత్రం కొట్టేశాననుకుంటుంది. ఆ సాయంత్రమే పెట్టె వెనక వేలంత స్విచ్చు ఒకటి పెట్టాను. గంట చేత్తో మోగించడానికి పక్కనే మామూలు కాలింగ్‌బెల్లు బటను. బస్సు వేళకి రాలేదంటే ఆయన స్విచ్చు వేసి, రోడ్డు మీదకెళ్లి చూసి, మలుపులో బస్సు కనపడ్డాక వచ్చి బటను నొక్కేవాడు. జాలిపడి ఈ పని చేశానని గొప్పలు చెప్పుకోను. జాలి సగం. మిగతా సగం, ఆ ఉపాయం అంత అందంగా ఉండడం.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు హెడ్మాస్టారు వాచీ పట్టుకుని వరండాలో నిలబడ్డారు. తొమ్మిదిన్నర దాటింది. గంట లేదు. మావని కేకేశారు. నేను పక్క గదిలో బోర్డు తుడవడం ఆపి చెవులొగ్గాను.

"రెండో బెల్లు ఎందుకు మోగలేదు?"

"కలెక్టరు కదల్లేదండి."

"ఎవరు?"

"కలెక్టరండి. కింద నుంచి కబురు అందలేదండి. అందకపోతే ఆయన కదలడు కదండి."

"ఏం కబురు?"

"బస్సొచ్చినాదని కబురండి. తీరం గుంటలొచ్చే బస్సు. అదొచ్చీవరకూ గంట ఆగిపోతాదండి."

హెడ్మాస్టారి గొంతు తగ్గింది. "కలెక్టరు గారే ఆపమన్నారా?"

"ఆయన అనడండి. ఆపీడమే. మొన్న సోమారం నుంచండి. సైన్సు మేస్టారికి అంతా తెలుసు."

ఆ రోజుల్లో బడి మానేసిన పిల్లల గురించి పై నుంచి రోజుకో కాగితం వచ్చేది. అందులో ఇదీ ఒకటనుకున్నారు హెడ్మాస్టారు. కరెంటు సంగతులు ఆయనకి తెలియవు గానీ ప్రభుత్వం ఎలా నడుస్తుందో బాగా తెలుసు. విరామంలో నన్ను పిలిచి, "కలెక్టరు విషయం మీకు తెలుసటగా?" అన్నారు. తెలుసన్నాను. అబద్ధం కాదు. "నాకొక ముక్క చెప్పొద్దూ?" అని నొచ్చుకున్నారు. సాయంత్రం స్టాఫు మీటింగులో, తీరప్రాంత విద్యార్థుల బస్సు నిమిత్తం రెండో గంట కొంత ఆలస్యం కావచ్చునని కలెక్టరు గారి మౌఖిక ఆదేశాలు ఉన్నట్టు ప్రకటించారు. లెక్కల మాస్టారు అది పుస్తకంలో రాసుకున్నారు. నేను దగ్గొచ్చినట్టు నటించి బయటికెళ్లిపోయాను.

బయట ఆయన తాపీగా బెంచీలు సర్దుతున్నాడు. "ఏం మావా, ఎంత పని చేశావు!" అన్నాను.

"నానేటి అబద్దమాడినానండి? మీరు సెప్పిందే సెప్పినాను."

కావాలని అన్నాడా, అమాయకంగా అన్నాడా? ఆయన మొహంలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఇన్నేళ్లు ఆలోచించినా దొరకలేదు.

అలా ఆ ఏడాది గడిచిపోయేది. పరీక్షలు ఇంకో రెండు నెలలున్నాయనగా, పై నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టారు నన్ను పిలిచి, "కలెక్టరు గారి ఆదేశం మనం ఎలా అమలు చేస్తున్నామో ఆఫీసరుగారికి చూపిద్దాం. ఫైల్లో కూడా రాసి పెట్టాను" అన్నారు, మురిసిపోతూ. ఆఫీసరు ఒక్క ఫోను చేస్తే చాలు, అలాంటి ఆదేశమేదీ లేదని తేలిపోతుంది. పెట్టె విప్పుతారు. వెనక స్విచ్చు ఎవరు పెట్టారంటారు. నాకు ప్రమోషను దగ్గర్లో ఉంది. ఇంట్లో కూడా ఆ మాట చెప్పి ఉన్నాను.

ముందురోజు సాయంత్రం ఆయన క్లాసుగదులకి తాళాలు వేస్తున్నప్పుడు, నేను ల్యాబులోంచి కటింగు ప్లేయరు తెచ్చి స్విచ్చు తీగని తెంపేశాను. స్విచ్చు ఉన్నచోటే ఉంది. అది వేసినా వేయకపోయినా ఒకటే. గంట వేళకి మోగితే పెట్టె జోలికి ఎవరూ రారు. ఆయనకి ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడో నాకు తెలుసు, అందుకే చెప్పలేదు.

మర్నాడు రైలు గేటు పడింది. తొమ్మిదీ ఇరవై అయిదుకి ఆయన అలవాటుగా స్విచ్చు వేసి రోడ్డు మీదకెళ్లాడు. తొమ్మిదిన్నరకి ఆయన వెనక బెల్లు కర్రుమంది. ఆయన తిరిగి చూశాడు. నేను వరండాలో ఉన్నాను, స్తంభం చాటున. అయిదారు నిమిషాలకి బస్సొచ్చింది. పిల్లలు దిగి పరుగెత్తుకొచ్చారు. ఆయన వాళ్లని ఆపి, గేటు దగ్గరకి నడిచి, మొలలోంచి తాళంచెవి తీసి, తాళం వేశాడు. బయట నుంచి. వేసి, చెవి మళ్లీ మొలలో దోపుకుని, పిల్లల మధ్యన గోడకానుకుని నిలబడ్డాడు.

హెడ్మాస్టారు గబగబా వచ్చారు. ఇంకో అరగంటలో ఆఫీసరు వస్తారు.

"నువ్వు బయట ఏం చేస్తున్నావు?"

"నానూ లేటేనండి. గంట మోగినప్పుడు రోడ్డు మీదున్నాను."

"వేళాకోళమా? తాళం తియ్యి."

"రూలండి. గంట కొట్టీసినాక గేటు ముయ్యాల. మూసీసినాను. నాకు కూడా ఈ పూట గైరాజరు ఎయ్యండి."

ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ నవ్వే ముఖంలో నవ్వు లేదు, అంతే. నేను మొదటిసారి ఆ ముఖం చూశాను. హెడ్మాస్టారు ఊచల్లోంచి పిల్లల్ని చూశారు. పాతికమందీ తలలు దించుకున్నారు. పదో తరగతి అమ్మాయి ఒక్కర్తే దించలేదు. పుస్తకాలు రెండు చేతులా గుండెకి హత్తుకుని, బెదురు కళ్లతో తిన్నగా హెడ్మాస్టారినే చూస్తోంది. ఆ పూట వెనక్కి వెళ్తే ఇక రానని ఆ అమ్మాయికి తెలుసు.

"రోజూ ఇంతేనా మీరు?" అన్నారు హెడ్మాస్టారు.

"గేటు పడితేనేనండి," అంది ఆ అమ్మాయి. "మేం బేగినే బయల్దేరతామండి. రైలు మా మాట ఇనదు కదండీ."

హెడ్మాస్టారు వాచీ చూసుకున్నారు. తర్వాత ఆ వాచీని చొక్కా చేతి కిందకి తోసేశారు. "తాళం తియ్యవయ్యా. అందరూ రండి. నువ్వూ రా" అన్నారు. ఆయన అప్పుడు కూడా తను ముందు రాలేదు. పిల్లలందరూ లోపలికి వెళ్లాక, ఆఖర్న తలొంచుకుని వచ్చాడు. నన్ను దాటుకుంటూ వెళ్లాడు గానీ నా వైపు చూడలేదు.

ఆఫీసరు వచ్చి, రిజిస్టర్లు తిరగేసి, కొబ్బరిబొండం తాగి, జీడిపప్పు పొట్లం పుచ్చుకుని వెళ్లిపోయారు. గంట ఊసే ఎత్తలేదు. నేను ఎందుకు భయపడ్డానో ఆ భయానికే తెలియాలి. ఆయన జీపు కదిలాక హెడ్మాస్టారు నన్ను పిలిచి, "ఆ బెల్లు పాడయినట్టుంది. నిన్నటిదాకా ఉన్నట్టుగా చెయ్యండి" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

సాయంత్రం పెట్టె దించి మూత తీశాను. మావ టార్చిలైటు పట్టాడు. తెగిన తీగ కొన ఆ వెలుతురులో నున్నగా, తళతళా మెరుస్తోంది. ఆ కొన చూసిన ఎవరికైనా తెలుస్తుంది, అది కటింగు ప్లేయరు పని అని. వలల మధ్య, తాళ్ల మధ్య పుట్టినవాడు, తెగినదేదో తెంపినదేదో తెలియకపోతుందా! నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఎలుక కొరికినట్టుంది మావా."

ఆయన టార్చిలైటు ఆ కొనకి ఇంకాస్త దగ్గరగా తెచ్చాడు.

"ఎలకే అయ్యుంటాదండి," అన్నాడు ఆయన.

అంతే. హెడ్మాస్టారితో చెప్పలేదు, తోటివాళ్లతో అనలేదు, నాతో మాట తగ్గించలేదు. మర్నాడు చాక్‌పీసుల డబ్బా ఇస్తూ మాత్రం, "ఎలక మల్లీ రాలేదు కదండీ?" అన్నాడు. ముఖంలో నవ్వు తిరిగొచ్చింది. ఆ తర్వాత నేను ఆ బడిలో ఉన్న నాలుగేళ్లూ నెలకోసారైనా ఆ ప్రశ్న అడిగేవాడు. "రాలేదు మావా" అనేవాడిని. ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకునేవాడిని. ఆ నవ్వు చూస్తే ఇంకోరోజు చెప్పొచ్చులే అనిపించేది. ఆ అమ్మాయి పది పాసై ఇంటరులో చేరింది. ఆ దగ్గర్లో ఉన్న ప్రమోషను నాలుగేళ్లకి గానీ రాలేదు, వచ్చాక పలాస వైపు వెళ్లిపోయాను. ఆయన రిటైరయ్యాడని విన్నాను. వెళ్లి చూద్దామనుకుంటూనే ఉండిపోయాను.

బస్టాండులో ఆ కబురు విన్న మర్నాడే భావనపాడు బస్సెక్కాను. నౌపడలో గేటు పడింది. గూడ్సు ఎంతకీ తెమల్లేదు. ఆయన లేడు కాబట్టి ఎవరికైనా చెప్పాలని, ఆయన భార్యకి చెప్పేస్తానని అక్కడ కూర్చుని గట్టిగా నిశ్చయించుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా మాటలు పేర్చుకున్నాను.

వాళ్ల ఇల్లు చేపలు ఎండేసే కల్లాలకి ఇవతల. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను ఫలానా బడిలో ఆయనతో పనిచేసిన సైన్సు మాస్టారినని చెప్పుకున్నాను. ఆవిడ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి కేకేసింది.

"ఓలె కోడలా! ఎలక మేస్టారొచ్చినారు. కుర్సీ ఎయ్యి."

లోపల ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. గ్లాసు చేతిలో పట్టుకుని తల దించుకున్నాను.

"ఆ తీగ తెంపింది నేనేనమ్మా," అన్నాను.

"తెలుసు బాబూ," అంది ఆవిడ. "ఆరోజు ఇంటికొచ్చి సెప్పినాడు. 'పాపం, బయపడిపోనాడే' అన్నాడు. టీ సల్లారిపోతంది, తాగండి."